ఐదేళ్ల ల్యాప్‌టాప్‌ను వదిలేయాలా, బాగుచేయించాలా?

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2021లో బీటెక్‌లో చేరినప్పుడు నాన్న కొనిచ్చిన ల్యాప్‌టాప్. పదో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉండి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తూ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నావు. ఆన్ చేస్తే పది నిమిషాలకు గానీ పనికి రాదు. ఛార్జర్ తీస్తే అరగంట నిలవదు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ముట్టుకుంటే వేళ్లకు జిమ్మంటోంది. నెల రోజులుగా టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం లేదు, ఒక పక్క కాస్త లేచినట్టుంది. పీజీ దగ్గర షాపులో చూపిస్తే "ఇది అయిపోయిందమ్మా, కొత్తది తీసుకో, ఈఎంఐలో ఇస్తాం" అన్నారు. కొనాలా, బాగుచేయించాలా అని అడిగావు.

నేను మదనపల్లె నుంచి 2008లో బెంగళూరు వచ్చాను. అప్పటి నుంచి ఇక్కడి కంప్యూటర్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డులోనే ఉన్నాను, ల్యాప్‌టాప్‌లు విప్పడం, బిగించడమే నా పని. బాగుచేయించు అన్నదే నా సమాధానం. ఎందుకో వివరంగా చెప్తాను. కానీ దానికంటే ముందు ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది.

నువ్వు టచ్‌ప్యాడ్ పాడైందనుకుంటున్నావు. టచ్‌ప్యాడ్‌కి ఏమీ కాలేదు. దాని కింద ఉన్న బ్యాటరీ ఉబ్బి, లోపలి నుంచి దాన్ని పైకి నెడుతోంది. కావాలంటే ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెట్టి ఒక మూల వేలితో నొక్కి చూడు. ఊగితే అడుగు కూడా ఉబ్బినట్టే. ఇప్పుడే షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసెయ్. మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు. పరుపు మీద, బట్టల మధ్య, బ్యాగులో పెట్టొద్దు. రాతి గట్టు మీదో, టైల్స్ నేల మీదో ఒక పక్కగా ఉంచు. టచ్‌ప్యాడ్‌ను గట్టిగా అదిమి సర్దాలని చూడొద్దు. ఫైళ్లు ఏమవుతాయోనని కంగారు పడకు. అవి హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి, బ్యాటరీ తీసేశాక అడాప్టర్ మీద నడిపించి ఎప్పుడైనా తీసుకోవచ్చు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే నీకే అర్థమవుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీలో చాక్లెట్ బార్ అంత పలుచని సంచులు మూడో నాలుగో ఉంటాయి. ఒక్కో సంచిలో పాజిటివ్ పొర, నెగటివ్ పొర, వాటి మధ్య అవి తగలకుండా ఒక సన్నని ప్లాస్టిక్ పొర చుట్టలు చుట్టి ఉంటాయి. వాటిని తడిపి ఉంచే ద్రవం ఒకటుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ ఆ ద్రవం విరిగి గ్యాస్ అవుతుంది. నిండా ఛార్జ్ అయినప్పుడు ఒక్కో సెల్ (అంటే ఒక్కో సంచి) 4.2 వోల్టుల దగ్గరో, ఇంకాస్త పైనో ఉంటుంది. ఆ స్థితిలో వేడి తగిలితే విరగడం ఇంకా తొందరగా జరుగుతుంది. నువ్వు ఐదేళ్లుగా ఛార్జర్ పెట్టే వాడుతున్నానన్నావు కదా, పైగా మంచం మీద. నీ బ్యాటరీ ఐదేళ్లూ నిండు ఛార్జ్ మీద, వేడిలోనే గడిపింది. గ్యాస్‌కి బయటికి పోయే దారి లేదు, సంచి ఉబ్బింది.

ఉబ్బిన ప్రతి బ్యాటరీ అంటుకోదు. నేను లెక్కలేనన్ని తీశాను, మంట చూసింది ఒక్కసారే. మా షాపులో పనికి కొత్తగా చేరిన కుర్రాడు, జిగురుతో అంటుకుపోయిన బ్యాటరీని స్క్రూడ్రైవర్ మొనతో పైకి లేపబోయాడు. సంచికి చిల్లు పడింది. ముందు సన్నగా ఈల వేసినట్టు శబ్దం. తర్వాత గోళ్లరంగు తుడిచే మందు లాంటి తియ్యటి వాసన. వాడు "అన్నా, ఇదేందో వాసన" అనేలోపే తెల్లటి పొగ, ఆ వెంటే మంట. బల్ల కింద ఇసుక బకెట్ ఉండబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి మా బల్ల మీద బ్యాటరీ దగ్గరికి ఇనుప పనిముట్టు రాదు. ప్లాస్టిక్ రేకుతో, నిదానంగా, జిగురు కరిగించి తీస్తాం. యూట్యూబ్ చూసి నీ అంతట నువ్వు విప్పాలని మాత్రం అనుకోకు. వేరే ఏ పనైనా నేర్చుకుని చెయ్, ఈ ఒక్కటి మాత్రం చేయి తిరిగినవాళ్లకు వదిలెయ్.

పాత బ్యాటరీని చెత్త బండిలో వేయొద్దు. ఆ బండిలో నొక్కుడుకి అది చితికితే అక్కడ పనిచేసేవాళ్లకు ప్రమాదం. మార్చిన షాపులోనే ఇచ్చెయ్, "రీసైక్లింగ్‌కి పంపుతారా?" అని అడిగి మరీ ఇవ్వు. పాత బ్యాటరీల బాధ్యత వాటిని తయారుచేసి అమ్మినవాళ్లదేనని 2022లో కేంద్రం నియమాలు తెచ్చింది.

కొత్త బ్యాటరీ ఏది కొనాలన్నది చిన్న విషయం కాదు. కంపెనీ ఒరిజినల్ దొరికితే అదే తీసుకో. దొరక్కపోతే కంపాటిబుల్ అని వేరేవాళ్లు చేసినవి ఉంటాయి, వాటిలో మంచివీ ఉన్నాయి, మోసాలూ ఉన్నాయి. నీ పాత బ్యాటరీ మీద ఎన్ని వాట్-అవర్లో, అంటే ఎంత ఛార్జ్ పట్టుతుందో, రాసి ఉంటుంది. అదే సైజు బ్యాటరీ మీద దానికంటే బాగా ఎక్కువ రాసి ఉంటే నమ్మొద్దు. అంతే చోటులో అంత ఎక్కువ పట్టదు. లేబుల్ మీద బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూడు. తయారైన తేదీ చూడు. ర్యాకులో రెండు మూడేళ్లు పడున్న బ్యాటరీ కొత్తదైనా అప్పటికే కొంత ముసలిదే.

2015లో ఒక హోల్‌సేల్ షాపు నుంచి నేను ఒకేసారి అరవై బ్యాటరీలు తెచ్చాను. లేబుల్ మీద 41 వాట్-అవర్లు. మూడు నెలలు తిరగకముందే ఒక్కొక్కరే షాపుకి రావడం మొదలైంది, "అన్నా, గంట కూడా రావడం లేదు" అని. రిపోర్టు తీస్తే అసలు పట్టేదే 24. నాకు అమ్మినవాడు లేబుల్ చూపించి చేతులు దులుపుకున్నాడు. నేను మాత్రం నా కస్టమర్లకు లేబుల్ చూపించలేకపోయాను. అన్నీ నా డబ్బుతోనే మార్చి ఇచ్చాను. అప్పటి నుంచి బ్యాటరీ బిగించగానే కస్టమర్ ముందే రిపోర్టు తీసి చూపిస్తాను. నువ్వు ఎక్కడ చేయించినా అది అడుగు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి (powercfg /batteryreport) కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. కొత్తదానికి రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. రెండో అంకె మొదటిదానిలో సగానికి పడిపోతే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. కొత్తది వేశాక చాలా కంపెనీల సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం ఉంటుంది. అది ఆన్ చేసుకో. నీలా రోజంతా ప్లగ్ పెట్టి వాడేవాళ్లకు దానికి మించిన జాగ్రత్త లేదు.

ఇక నెమ్మది సంగతి. దీనికి కారణం ప్రాసెసర్ కాదు. నీ పదో తరం ఐ3 నీ కోర్సుకి, బ్రౌజర్‌కి, వీడియో ఇంటర్వ్యూకి సరిపోతుంది. నిన్ను ఏడిపిస్తున్నది హార్డ్ డిస్క్.

తాసిల్దారు ఆఫీసులో రికార్డు రూమ్ ఊహించుకో. గుమాస్తా ఒక్కడే. నువ్వు అడిగిన ప్రతి కాగితానికీ లేచి వెళ్లి, బీరువా తీసి, తెచ్చిచ్చి మళ్లీ కూర్చుంటాడు. ఒక పెద్ద ఫైలు ఒకేసారి తెమ్మంటే బాగానే తెస్తాడు. వేల చిన్న చీటీలు వేర్వేరు బీరువాల్లోంచి తెమ్మంటే సాయంత్రమవుతుంది. హార్డ్ డిస్క్‌లో జరిగేది అచ్చం ఇదే. లోపల పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకు 11 మిల్లీ సెకన్లు. సూది పక్కకు జరగాలి, కావాల్సిన చోటు తిరిగి సూది కిందికి రావాలి, అప్పుడు చదవాలి. చిన్న చిన్న ముక్కలైతే సెకనుకు వంద కూడా అందించలేదు. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు అడిగేవన్నీ అలాంటి వేల చిన్న ముక్కలే. దాని బదులు ఎస్‌ఎస్‌డీ అని చిప్‌లతో చేసిన డిస్క్ ఉంటుంది, అందులో తిరిగే పళ్లెం లేదు, జరిగే సూది లేదు. అవే ముక్కలు సెకనుకు వేల సంఖ్యలో ఇస్తుంది.

దీనికి రుజువు నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. బ్యాటరీ తీయించాక ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ చూడు. డిస్క్ దగ్గర 100 శాతం అని ఉంటుంది, కింద వేగం మాత్రం సెకనుకు ఒకటో రెండో ఎంబీ అని కనిపిస్తుంది. అంత తక్కువ పనికి అంత ఆయాసపడుతోందంటే ఆ గుమాస్తా పరుగులు పెడుతున్నాడని అర్థం. ప్రాసెసర్ మాత్రం ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది.

కాబట్టి ఎస్‌ఎస్‌డీ వేయించు. నీకు 512 జీబీ చాలు. ఆ కాలపు చాలా మోడళ్లలో హార్డ్ డిస్క్ పక్కనే ఎం.2 అనే చిన్న ఎస్‌ఎస్‌డీ స్లాట్ ఖాళీగా ఉంటుంది, విప్పినప్పుడు చూడమను. ఉంటే ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం వేసుకోవచ్చు. లేకపోతే హార్డ్ డిస్క్ చోటులోనే పట్టే సాటా అనే పాత రకం 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ. కాగితం మీద రెండింటి వేగాల్లో తేడా చాలానే ఉంటుంది కానీ, హార్డ్ డిస్క్ మీద నుంచి వచ్చే నీకు రెండూ ఒకేలా పరుగెత్తినట్టే ఉంటాయి. ఎన్‌వీఎంఈ కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. పాత విండోస్‌ను కాపీ కొట్టి వేయడం కాకుండా, కొత్తగా ఇన్‌స్టాల్ చేయించు. ఐదేళ్ల చెత్తంతా ఎత్తుకెళ్లి కొత్త ఇంట్లో దించుకోవడం ఎందుకు? నీ పాత డిస్క్‌కు ఒక కేస్ తొడిగితే ఫోటోలు, పాత ప్రాజెక్టులు దాచుకునే ఎక్స్‌టర్నల్ డిస్క్ అవుతుంది. అది టిక్ టిక్ మని శబ్దం చేస్తుంటే మాత్రం దాన్ని నమ్ముకోవద్దు, ముఖ్యమైనవన్నీ ఇంకోచోట పెట్టుకో.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచి విండోస్ 11కి అర్హత ఉంది, నీది పదో తరం, కాబట్టి అదే వేయించు. టీపీఎం (భద్రత కోసం ఉండే చిప్) లేదని మెసేజ్ వస్తే కంగారు పడకు, చాలాసార్లు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్‌లో, అది ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేస్తే సరిపోతుంది.

ర్యామ్ 4 జీబీ నుంచి కనీసం 8కి పెంచాలి. క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు, పక్కన మీటింగ్, ఇంకో పక్క టెస్టింగ్ టూల్ అంటే 4లో కుదరదు. ఒక చిక్కుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. చిప్‌లు చేసే కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్లాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్ అనే చిప్ కంపెనీ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. అందుకని ర్యామ్ ఒక్కటి సెకండ్ హ్యాండ్ తీసుకో, తప్పు లేదు. ర్యామ్ వాడితే అరిగేది కాదు. బాగుంటే బాగుంటుంది, పాడైతే టెస్టులో దొరికిపోతుంది. బిగించాక మెమరీ టెస్ట్ నడిపి చూపించమని అడుగు. అదే మాట ఎస్‌ఎస్‌డీకి, బ్యాటరీకి చెప్పను. అవి రెండూ వాడేకొద్దీ తరిగే వస్తువులు, కొత్తవే కొనాలి, బిల్లుతో కొనాలి.

విప్పినప్పుడే ఫ్యాన్ శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ మార్పించు. ఐదేళ్ల ల్యాప్‌టాప్ ఫ్యాన్ తీస్తే రేకుల వెనక దుమ్ము, జుట్టు కలిసి చిన్న దుప్పటి ముక్కలా గట్టిగా పట్టి ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ఒకే ముక్కగా ఊడొస్తుంది. గాలి ఆడక, వేడి 100 డిగ్రీల దాకా పోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నీకేమో ల్యాప్‌టాప్ ముసలిదైపోయినట్టు అనిపిస్తుంది.

పీజీ గదిలో టేబుల్ ఉండదు, మంచమే దిక్కు. నాకు తెలుసు, నేనూ కలాసిపాళ్యలో ఒక గదిలో ఐదుగురితో ఉన్నాను. కానీ గాలి పీల్చే రంధ్రాలు ల్యాప్‌టాప్ అడుగున ఉంటాయి. పరుపు మీద పెడితే వాటిని మూసేసినట్టే. ఖరీదైన కూలింగ్ ప్యాడ్లు అక్కర్లేదు. పదో తరగతిలో పరీక్షలు రాసిన అట్ట ఉంటుంది చూడు, అది కింద పెట్టు. మా అక్క కూతురికి అదే ఇచ్చాను, నాలుగేళ్లు డిగ్రీ దాని మీదే పూర్తి చేసింది.

ముట్టుకుంటే జిమ్మనే సంగతికి వస్తాను. షాపువాడు దీన్ని కూడా "మదర్‌బోర్డు పోయింది" అన్నాడని రాశావు. అది చదివి నాకు బాధేసింది. మదర్‌బోర్డుకు దానితో సంబంధం లేదు. నీ అడాప్టర్‌కి మూడు పిన్నుల ప్లగ్ ఉంటుంది. పైన ఉండే లావుపాటి, పొడవైన పిన్ను ఎర్త్. పీజీల్లో అన్నిటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాంట్లో రెండు పిన్నుల కన్వర్టర్. లేదా గోడలో మూడు రంధ్రాలున్నా వెనక ఎర్త్ వైరే కలిపి ఉండదు. అడాప్టర్ లోపల కరెంటు రొద తగ్గించడానికి ఒక చిన్న కెపాసిటర్ పెడతారు, దాని గుండా అతి కొద్ది కరెంటు ఇవతలి వైపుకు వస్తూ ఉంటుంది. ఎర్త్ ఉంటే అటు పోతుంది. లేకపోతే ల్యాప్‌టాప్ లోహపు భాగం మీద నిలిచి, నీ వేళ్ల గుండా పోతుంది. చెప్పులు లేకుండా తడి నేల మీద నిల్చుంటే ఇంకా బాగా తెలుస్తుంది. సాధారణంగా ఈ కరెంటు ప్రాణానికి ప్రమాదం తెచ్చేంత ఉండదు. కానీ ఎర్త్ లేని గదిలో హీటర్, ఐరన్ బాక్సు వాడుతున్నారంటే అది మాత్రం నిజంగా ప్రమాదం. కన్వర్టర్ తీసేసి, నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడు. అప్పటికీ జిమ్మంటే పీజీ ఓనర్‌ని కూర్చోబెట్టి అడుగు, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్త్ చూపించమని. మొహమాటపడకు. నెలనెలా అద్దె కడుతున్నావు, గదిలో మిగతా పిల్లలూ ఉన్నారు.

ఈఎంఐ గురించి. ఇంకా ఉద్యోగం రాలేదన్నావు. రాకముందే నెలనెలా కట్టే అప్పు ఎత్తుకోవద్దని ఒక అన్నగా బతిమాలి చెప్తున్నాను. "నో కాస్ట్" అన్న మాట చూసి మోసపోకు. చాలా ఆఫర్లలో నగదుకు ఇచ్చే తగ్గింపును వదులుకోవాలి, ప్రాసెసింగ్ ఫీజు వేరే ఉంటుంది, క్రెడిట్ కార్డు మీదైతే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. నగదు ధర ఎంత, మొత్తం కట్టేది ఎంత అని రెండు అంకెలూ కాగితం మీద రాయించుకుంటే తేడా నీకే కనిపిస్తుంది. బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, సర్వీసు అన్నీ కలిపినా నా లెక్కలో కొత్త ల్యాప్‌టాప్ ధరలో మూడో వంతుకు అటూ ఇటూ అవుతుంది. ధరలు వారం వారం మారుతున్నాయి కాబట్టి రెండు మూడు షాపుల్లో అడిగి చూసుకో. అన్నీ ఒకేసారి కుదరకపోతే బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ ముందు. ర్యామ్ వచ్చే నెల.

బాగుచేయించొద్దని నేనే చెప్పే సందర్భాలూ ఉన్నాయి. నిజంగానే మదర్‌బోర్డు పోయి రెండోసారి వచ్చినప్పుడు, స్క్రీన్, దాన్ని పట్టి ఉంచే హింజ్ (కీలు) రెండూ విరిగినప్పుడు, ర్యామ్ 4 జీబీ బోర్డుకే అతికించి ఉండి పెంచే స్లాట్ లేనప్పుడు. విప్పి చూశాక నీది అలాంటిదని తేలితే, అప్పుడు కూడా కొత్తది కొననక్కర్లేదు. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఉన్న పెద్ద సౌకర్యం ఒకటుంది. ఇక్కడి కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లు మార్చేస్తాయి. అవన్నీ ఎస్పీ రోడ్డుకు వస్తాయి. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి గట్టి బాడీ, మంచి కీబోర్డు, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. అదే డబ్బుకు వచ్చే చవక కొత్తదానికంటే వీటినే నేను ఎంచుకుంటాను.

వాటిని కొనేటప్పుడు ఒక్క పరీక్ష మాత్రం వదలొద్దు. విండోస్‌ను రీసెట్ చేయించి, నీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, మొదటి నుంచి సెటప్ నీ ముందే నడపమను. ఏదైనా కంపెనీ పేరు వచ్చి ఆ కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవ్వమంటే ఆ మెషీన్ ఇంకా ఆ కంపెనీ తాళంలోనే ఉందన్నమాట. ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. బయోస్‌కి పాస్‌వర్డ్ ఉన్నా అంతే.

రిపేరుకు ఇచ్చేటప్పుడు పాటించాల్సినవి కొన్ని చెప్తాను. ఇవి మా బల్ల అవతల నిల్చునేవాళ్లు అడగడానికి మొహమాటపడే విషయాలు. నీ ముందే విప్పమను. విప్పగానే ర్యామ్ మీద, డిస్క్ మీద ఉన్న సీరియల్ నంబర్లు ఫోన్లో ఫోటో తీసుకో. నిజాయితీగా పనిచేసేవాడు దానికి నొచ్చుకోడు. ఎంతవుతుందో ముందే రాయించుకో. జీఎస్టీ బిల్లు మీద బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ సీరియల్ నంబర్లు, వారంటీ ఎన్ని నెలలో ఉండాలి. వారంటీలో ఉండగా మార్చనంటే 1915కి ఫోన్ చెయ్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

బిట్‌లాకర్ అని ఒకటుంది, దీని గురించి చాలామందికి తెలీదు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, డిస్క్‌కు దానంతటదే తాళం పడే అవకాశం ఉంది. తర్వాత ఎప్పుడైనా మదర్‌బోర్డు మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే నీ ఫైళ్లు నీకే దొరకవు, నేను కాదు కదా ఎవరూ తీయలేరు. కొత్త విండోస్ వేసిన రోజే నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ చూసి, కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకో.

ఇంకో మాట. 2013లో హడావుడిలో బ్యాటరీ కనెక్టర్ తీయకుండానే ఒకరి ల్యాప్‌టాప్‌లో ర్యామ్ మార్చబోయాను. స్క్రూ ఒకటి జారి బోర్డు మీద పడింది. చిన్న నీలం మెరుపు, అంతే, బోర్డు చచ్చిపోయింది. అది ఎంటెక్ చదివే ఒకమ్మాయిది, థీసిస్ అందులోనే ఉంది. డిస్క్ బాగుండబట్టి థీసిస్ దక్కింది, బోర్డు నేను కొనిచ్చాను. ఆ అమ్మాయి మొహం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే. కాబట్టి నీ ముందు విప్పేవాడు అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకుతున్నాడో లేదో చూడు. పీకకపోతే "అన్నా, ముందు బ్యాటరీ తీయండి" అని చెప్పు. చెప్పినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. అలాగే బ్యాటరీ తీసేశాక, మిగతా పని మొదలుపెట్టే ముందే నీ డిస్క్‌లోంచి రెజ్యూమె, మార్కుల మెమోలు, ప్రాజెక్టు ఫైళ్లు ఇంకోచోటికి కాపీ చేయించు. ఎంత చేయి తిరిగినవాడి దగ్గరైనా సరే.

ఉద్యోగం వచ్చాక ఆఫీసువాళ్లు ల్యాప్‌టాప్ ఇస్తారు, అప్పుడు ఇది ఎందుకు అనిపించొచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్ ఆఫీసుది. నీ ఫోటోలు, బ్యాంకు పనులు, వేరే ఇంటర్వ్యూలు, కొత్తగా నేర్చుకునే కోర్సులు దాంట్లో పెట్టుకోకూడదు. ఉద్యోగం మానేసిన రోజు సాయంత్రానికి దాన్ని తిరిగిచ్చేయాలి. అలా ఇచ్చేసి, ఇంట్లో ఒక మెషీన్ లేక, ఫోన్లో రెజ్యూమె దిద్దుకుంటూ మా షాపుకి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. నీది నీ దగ్గర ఉండాలి.

చివర్లో రాశావు, వేరుశెనగ అమ్మిన డబ్బుతో కొనిచ్చాడు, పాడైందని నాన్నకు ఎలా చెప్పాలో తెలీడం లేదని. నువ్వు పాడుచేయలేదమ్మా. నాన్న ట్రాక్టర్‌కు టైర్లు అరిగితే ట్రాక్టర్ అమ్మేస్తాడా? టైర్లు మారుస్తాడు. ఫోన్ చేసి అదే మాట చెప్పు, వెంటనే అర్థం చేసుకుంటాడు. శనివారం పొద్దున బయల్దేరు, ఆదివారం ఎస్పీ రోడ్డులో చాలా షాపులు మూసి ఉంటాయి. మెట్రోలో వచ్చేటట్టయితే గ్రీన్ లైన్‌లో చిక్కపేట దగ్గర దిగు, అక్కడి నుంచి నడిచే దూరమే. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల బ్యాగులో కుక్కకుండా, మీద బరువు పడకుండా విడిగా చేత్తో పట్టుకుని రా. ఛార్జర్ మర్చిపోవద్దు, బ్యాటరీ తీసేశాక దాని మీదే నడిపి చూపించాలి.